తూచి వేసిన ఉప్పు

కిలో పండుమిరపకాయలు కడిగి, తడి ఆరబెట్టి, తొడిమలు తీసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచామనుకుందాం. అందులో పావుకిలో ఉప్పు, తగినంత చింతపండు కలిపి జాడీకెత్తితే అది కొరివికారం. తెలంగాణలో పండుమిర్చి తొక్కు. ఏడాదంతా నిలవ ఉంటుంది. అదే కిలో కాయలకు 25 గ్రాముల ఉప్పు మాత్రమే కలిపి, గాలి చొరకుండా గాజుసీసాలో అదిమి పెడితే వేరే కథ నడుస్తుంది. రెండో రోజుకో మూడో రోజుకో ముద్దలోంచి బుడగలు లేస్తాయి. వారం తిరిగేసరికి చింతపండు ముట్టని ఆ ముద్ద నాలుక చురుక్కుమనేంత పుల్లగా తయారవుతుంది. ఇంకో వారానికి పండ్ల వాసనలాంటి కమ్మదనం కూడా తోడవుతుంది.

మొదటి జాడీలో ఉప్పు సూక్ష్మజీవులను ఆపింది. రెండో సీసాలో అదే ఉప్పు ఒక తెగ సూక్ష్మజీవులను ఏరి మరీ పెంచింది. ఊరగాయ పెట్టడమంటే చాలావరకు జీవక్రియను నిలిపెయ్యడం. లాక్టిక్ పులియబెట్టడమంటే ఆ క్రియ మనకు కావలసిన దారిలో సాగేలా చూడటం. ఈ మధ్య మన ఇళ్ళల్లోనూ కిమ్చీ, పులిసిన క్యాబేజీ, మిరపకాయ సాసులు సొంతంగా చేసుకోవాలని సరదా పడేవాళ్ళు కనిపిస్తున్నారు. ఊరగాయ పెట్టడంలో మనకున్న అనుభవం తక్కువదేం కాదు. కానీ ఆ అలవాట్లనే ఇక్కడికి తెచ్చుకుంటే సీసా పాడవుతుంది, ఒక్కోసారి ప్రమాదం కూడా. అందుకే సీసా లోపల ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

పులుపు ఎవరి పని?

పులిసిన పాలలోంచి లాక్టిక్ ఆమ్లాన్ని మొదట వేరుచేసినవాడు స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్హెల్మ్ షీలే. అది 1780లో. ఆమ్లమైతే దొరికింది గాని, అది ఎలా పుడుతోందన్న ప్రశ్న ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకు పైగా తేలలేదు. పులియడం ప్రాణంతో పనిలేని రసాయనిక విచ్ఛిత్తి అని జర్మనీకి చెందిన లీబిగ్ వంటి ఉద్దండులు గట్టిగా వాదించారు. 1857లో ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో లూయీ పాశ్చర్ ఆ వాదాన్ని కదిలించాడు. పులుస్తున్న ద్రవంలో బూడిదరంగు పదార్థమొకటి పేరుకోవడం అతను గమనించాడు. దాన్ని పిసరంత తీసి కొత్త చక్కెర ద్రావణంలో వేస్తే అదీ పులిసింది. ఆ పదార్థం పెరుగుతోంది, అంటే దానికి ప్రాణముంది అని తేల్చాడు. ఇవాళ మనం లాక్టిక్ బ్యాక్టీరియా అంటున్నది వాటినే.

పాలు పెరుగు కావాలంటే తోడు వెయ్యాలి. కూరగాయలకు ఆ అవసరం లేదు. తోటలోంచి వచ్చిన క్యాబేజీ ఆకు మీదా, మిరపకాయ తొక్క మీదా గ్రాముకు లక్షల్లో సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిలో లాక్టిక్ బ్యాక్టీరియా వాటా బహు స్వల్పం. వందల్లోనో, వేలల్లోనో. మిగతావన్నీ గాలి పీల్చుకుని బతికేవి, ఆకును కుళ్ళబెట్టేవి, మట్టిలోంచి వచ్చినవి. కోసిన కూరగాయను ఊరికే వదిలేస్తే ఈ ఎక్కువమంది గెలుస్తారు, కూర కుళ్ళిపోతుంది. ఆ కొద్దిమందిని గెలిపించడమే మన పని. పరిస్థితులు అనుకూలిస్తే నాలుగైదు రోజుల్లోనే వాటి సంఖ్య గ్రాముకు పది కోట్లు దాటుతుంది. పెరుగు మీద తేట వేస్తే త్వరగా పులుస్తుందని కొందరంటారు. అది అక్కర్లేదు. పాలకు అలవాటు పడ్డ బ్యాక్టీరియా వేరు, ఆకుల మీద బతికేది వేరు.

ఉప్పు చేసే మూడు పనులు

తరిగిన క్యాబేజీకి ఉప్పు పట్టించి పది నిమిషాలు పిసికితే గిన్నె అడుగున నీరు చేరుతుంది. మాగాయకు మామిడి ముక్కలు ఉప్పులో వేస్తే ఊట వచ్చేది కూడా ఇలాగే. కణం బయట ఉప్పు ఎక్కువ కాబట్టి లోపలి నీరు బయటికి వస్తుంది. దానితోపాటు చక్కెరలు, ఖనిజ లవణాలు కూడా వస్తాయి. బ్యాక్టీరియాకు ఆహారం ఆ ఊటే. ఉప్పు చేసే మొదటి పని ఇది.

రెండోది ఏరివేత. రెండు, రెండున్నర శాతం ఉప్పులో కుళ్ళబెట్టే బ్యాక్టీరియాలో చాలా రకాలు మందగిస్తాయి. లాక్టిక్ తెగ మాత్రం పెద్దగా ఇబ్బంది పడదు. పది శాతం దాటిస్తే ఈ తెగ కూడా చాలావరకు చతికిలబడుతుంది. మన ఊరగాయలు నిలిచేది ఆ ఎగువ హద్దు దాటాక. ఆవకాయలో ఉప్పుకు తోడు మామిడికాయ సొంత పులుపు ఉంది, ఆవపిండిలో సూక్ష్మజీవులను అణచే ఘాటు ఉంది, పైన నూనె ఉంది. అక్కడ బ్యాక్టీరియాకు చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

మూడోది కరకర. కూరగాయకు బిగువునిచ్చేది పెక్టిన్. దాన్ని కరిగించే ఎంజైములు కాయలోనే కొన్ని ఉంటాయి, బూజులు ఇంకొన్ని తయారుచేస్తాయి. ఉప్పు వాటి జోరును తగ్గిస్తుంది. దోసకాయల్లో ఈ ఎంజైములు పువ్వు ఉన్న చివర ఎక్కువ. అందుకే అక్కడ ఒక పల్చటి చక్రం కోసి పారేస్తారు. సీసాలో ఒక ద్రాక్షాకో, చిటికెడు టీ ఆకో వేసే అలవాటు కొన్ని దేశాల్లో ఉంది. వాటిలోని వగరు పదార్థాలు ఆ ఎంజైములను అడ్డుకుంటాయి.

ఇక ఏ ఉప్పు? కల్లుప్పు మంచిదే. అయొడిన్ కలిపిన ఉప్పుతో పులియదని ఒక ప్రచారం ఉంది. అందులో ఉండే అయొడిన్ చాలా తక్కువ, బ్యాక్టీరియాను ఆపేంత కాదు. గడ్డ కట్టకుండా కలిపే పొడి వల్ల నీళ్ళు కాస్త మసకబారవచ్చు, అంతే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తుంటే మాత్రం మరిగించి చల్లార్చి వాడాలి.

ఒకరి తర్వాత ఒకరు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవా పట్టణంలో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. అక్కడ పనిచేసిన కార్ల్ పెడర్సన్ 1930లో, పులిసే క్యాబేజీలో ఏ బ్యాక్టీరియా ఏ రోజున ఎంతెంత ఉంటుందో వరస కట్టి చూపించాడు. ఆ పని మొత్తం ఏ ఒక్క బ్యాక్టీరియాదీ కాదని అప్పుడు తేటతెల్లమైంది.

మొదట రంగంలోకి దిగేది ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్. చల్లదనం దీనికిష్టం, ఉప్పు ఎక్కువైతే ఓర్చుకోలేదు. చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లంతోపాటు కొంచెం ఎసిటిక్ ఆమ్లం, కొంచెం ఆల్కహాల్, బోలెడు బొగ్గుపులుసు వాయువు విడుస్తుంది. మొదటి రోజుల్లో కనిపించే బుడగలు చాలావరకు దీనివే. ఆ వాయువు సీసాలో మిగిలిన గాలిని బయటికి నెట్టేస్తుంది. పులుపు పెరిగేకొద్దీ, తాను తయారుచేసిన ఆమ్లాన్నే తట్టుకోలేక తగ్గిపోతుంది. పెళ్ళికి ముందే వచ్చి పందిరి వేసి, భోజనాల వేళకు కనిపించకుండా పోయే మనుషుల్లాంటిది. ఆ పందిట్లోకి లాక్టోబాసిల్లస్ తెగ వస్తుంది. అందులో ముఖ్యమైనది ప్లాంటారం. 2020లో శాస్త్రవేత్తలు ఈ పెద్ద కుటుంబాన్ని విడగొట్టినప్పుడు దానికి లాక్టిప్లాంటిబాసిల్లస్ ప్లాంటారం అని కొత్త పేరు పెట్టారు. అది దొరికిన చక్కెరలో చాలా భాగాన్ని వాయువు లేకుండా సూటిగా లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆఖరి పులుపు దాని చలవే.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగేది ఈస్టు వల్లనే అని చాలామంది నమ్మకం. 1965లో వెలువడిన ఒక పరిశోధన పత్రం, పిండిని పొంగించడంలో అసలు పాత్ర ల్యూకోనాస్టాక్ మెసెంటరాయిడిస్‌దే అని చూపించింది. ఆ పత్రం రాసినవారిలో కార్ల్ పెడర్సన్ కూడా ఉన్నాడు. క్యాబేజీ పీపాల్లో తనకు బాగా తెలిసిన బ్యాక్టీరియానే అతను మినప్పిండిలోనూ చూశాడు. కాబట్టి ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. ఇడ్లీ పిండి రుబ్బిన ప్రతి ఇంట్లోనూ దీని సగభాగం రోజూ నడుస్తూనే ఉంది.

ఆమ్లం ఎలా కాపలా కాస్తుంది?

లాక్టిక్ ఆమ్లం అణువు విడిపోకుండా నిండుగా ఉన్నప్పుడు సూక్ష్మజీవి పైపొరలోంచి లోపలికి దూరగలదు. జీవి లోపల పులుపు తక్కువ. అక్కడికి చేరగానే అణువు విడిపోయి హైడ్రోజన్ అయాన్‌ను వదులుతుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఆ జీవి శక్తి ఖర్చు పెట్టాలి. ఒకటి నెడితే ఇంకొకటి వస్తుంది. చివరికి ఎదుగుదలకు శక్తి మిగలక ఆగిపోతుంది, చచ్చిపోతుంది. లాక్టిక్ బ్యాక్టీరియా ఈ దెబ్బకు తట్టుకునే ఉపాయం వేరు. బయట పులుపు పెరుగుతుంటే లోపలి పులుపునూ దానితోపాటు కొంత పెరగనిస్తాయి. దాంతో లోపలికీ బయటికీ తేడా మరీ పెరగదు, నెట్టే శ్రమ తగ్గుతుంది.

ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ. ఒక్క అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లు పెరిగినట్టు. మనం గుర్తుపెట్టుకోవలసిన అంకె 4.6. బాట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బును తెచ్చే విషాన్ని తయారుచేసే క్లాస్ట్రిడియం బాట్యులినమ్ అనే బ్యాక్టీరియా మట్టిలో ఉంటుంది. గాలి లేని చోటే పెరుగుతుంది. కానీ పీహెచ్ 4.6 కన్నా తగ్గితే పెరగలేదు. సరైన ఉప్పుతో, సరైన వేడిలో పెట్టిన కూరగాయ కొద్ది రోజుల్లోనే ఆ గీత దాటి కిందికి వస్తుంది. బాగా పులిసిన క్యాబేజీ 3.5 ప్రాంతంలో నిలుస్తుంది. ప్రయోగశాల సామాన్లమ్మే దుకాణాల్లో పీహెచ్ కాగితాలు దొరుకుతాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు వాటిని కొనుక్కోవడం మంచిది. 4 కన్నా తగ్గిందంటే నిశ్చింత.

మన ఊరగాయ అలవాటు ప్రమాదం తెచ్చిపెట్టే చోటు ఇదే. పైన నూనె పోస్తే నిలవ ఉంటుందని మనకు నమ్మకం. ఉప్పు, పులుపు దండిగా ఉన్న ఆవకాయ విషయంలో అది నిజమే. ఉప్పు తక్కువ వేసి, ఇంకా పులియని వెల్లుల్లి మీదో మిరపకాయల మీదో నూనె పోస్తే గాలి ఆగిపోతుంది, పులుపేమో లేదు. బాట్యులినమ్‌కు కావలసిన చోటును మన చేతులతో మనమే సిద్ధం చేసినట్టవుతుంది. పులుపు పూర్తిగా పట్టాకే నూనె, పోపు ఏదైనా.

వాసెన చాలదు

జాడీ మూతి మీద గుడ్డ వేసి వాసెన కట్టడం మన పద్ధతి. దుమ్ము, పురుగు పడకుండా ఉంటే చాలు, గాలి ఆడినా ఊరగాయకు నష్టం లేదు. తక్కువ ఉప్పు సీసాకు ఇది సరిపడదు. గాలి తగిలే ఉపరితలం మీద ఒక రకం ఈస్టు తెల్లటి పల్చని పొరగా పేరుకుంటుంది. అది విషం కాదు. కానీ లాక్టిక్ ఆమ్లాన్నే తిని బతుకుతుంది. పట్టించుకోకపోతే పులుపు తగ్గుతుంది, తగ్గిన పులుపులో బూజు మొలుస్తుంది. ముడతలు పడ్డ పల్చటి తెల్లపొర కనిపిస్తే తీసేసి వాడుకోవచ్చు. నూగునూగుగా, పచ్చగానో నల్లగానో గులాబీ రంగుగానో బూజు పడితే పైపైన తీసేసి సరిపెట్టుకోకూడదు. సీసా అంతా పారబోయాలి.

చైనాలోని సిచువాన్ ప్రాంతపు పాత జాడీలు దీనికి చక్కటి పరిష్కారం. జాడీ మూతి చుట్టూ ఒక చిన్న కాలువ ఉంటుంది. అందులో నీళ్ళు పోసి, గిన్నెలాంటి మూతను బోర్లిస్తారు. లోపలి వాయువు నీళ్ళలోంచి బుడబుడమంటూ బయటికి వెళ్ళిపోతుంది, బయటి గాలి లోపలికి రాలేదు. మన ఇంట్లో మామూలు గాజుసీసా చాలు. ముక్కలు ఊటలో మునిగి ఉండాలి. పైన ఒక క్యాబేజీ ఆకు పరిచి, శుభ్రమైన చిన్న గాజు గిన్నెను బరువుగా పెట్టాలి. మూత బిగించి రోజుకోసారి వదులు చేసి వాయువును పోనివ్వాలి. బిగించి మరిచిపోతే సీసా పగలవచ్చు.

ఉప్పుకూ గాలికీ మధ్య ఏది ముఖ్యమో తెలియాలంటే నేపాల్, సిక్కిం కొండల్లోని గుండ్రుక్ చూడాలి. ఆవ ఆకులు, ముల్లంగి ఆకులు వాడబెట్టి, దంచి, గాలి లేకుండా గట్టిగా కుక్కి పులియబెడతారు, తర్వాత ఎండబెడతారు. అందులో ఉప్పు వెయ్యరు. గాలి లేకపోవడం ఒక్కటే లాక్టిక్ తెగను గెలిపిస్తుంది. ఉప్పు సాయం చేస్తుంది, రుచినిస్తుంది, తప్పులను కాస్తుంది. గాలిని ఆపడం మాత్రం తప్పనిసరి.

మిరపకాయ సీసా, రోజు రోజుకూ

అరకిలో పండుమిరపకాయలు తీసుకోండి. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు నుంచి నిగనిగలాడే ఎర్రకాయలు వస్తాయి. మచ్చ పడ్డవి, మెత్తబడ్డవి ఏరెయ్యాలి. ఒక క్యారెట్ చక్రాలుగా తరిగి కలిపితే బ్యాక్టీరియాకు కాస్త ఎక్కువ చక్కెర దొరుకుతుంది. నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు. కాయలను సగానికి చీల్చాలి, లేకపోతే బోలుగా ఉండి తేలుతాయి. చేతికి తొడుగులు తప్పనిసరి. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు. వేళ్ళకంటితే ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి.

ఉప్పు లెక్క దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. 600 గ్రాముల కూరగాయలకు 400 గ్రాముల నీళ్ళు పోశారనుకోండి. 3 శాతమంటే 400 గ్రాముల నీళ్ళకు 12 గ్రాములని లెక్క కడితే, ఆ ఉప్పు నాలుగైదు రోజుల్లో కాయల్లోకీ పాకి మొత్తం మీద 1.2 శాతానికి పడిపోతుంది. అది చాలదు. కాయలూ నీళ్ళూ కలిపి 1000 గ్రాములు, దానికి 3 శాతం అంటే 30 గ్రాములు. ఖాళీ సీసాను త్రాసు మీద పెట్టి సున్నా చేసి, కాయలూ నీళ్ళూ నింపి బరువు చూసి, ఆ నీళ్ళు వంపి అందులో ఉప్పు కరిగించి మళ్ళీ పోసేస్తే లెక్క తప్పదు. తరిగి పిసికే క్యాబేజీకి నీళ్ళే అక్కర్లేదు. కిలోకు 20 నుంచి 25 గ్రాములు సరిపోతుంది.

మొదటి రోజు నీళ్ళు తేటగా ఉంటాయి. రెండో రోజు సాయంత్రానికి గాజుకు ఆనుకుని సన్నటి బుడగలు, ముక్కల కింద చిక్కుకున్న వాయువు. మూడో రోజు మూత వదులు చేస్తే బుస్సుమంటుంది, నీళ్ళు మసకబారతాయి. మసక చూసి చెడిపోయిందని పారబోసేవాళ్ళున్నారు. ఆ మసక కోట్లాది బ్యాక్టీరియా, పని బాగా జరుగుతోందనడానికి గుర్తు. వెల్లుల్లి రెబ్బలు ఒక్కోసారి నీలంగానో ఆకుపచ్చగానో తిరుగుతాయి. వాటిలోని గంధక సమ్మేళనాలు పులుపులో అమైనో ఆమ్లాలతో చేరి రంగు పదార్థాలుగా మారడం వల్ల అలా అవుతుంది. హాని లేదు. పచ్చిమిర్చి వేసి ఉంటే దాని పచ్చదనం పోయి ఎండుటాకు రంగు వస్తుంది. పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఆమ్లం తప్పించేస్తుంది. పండుమిర్చి ఎరుపు కెరొటినాయిడ్లది. అది చెక్కు చెదరదు.

వారం నుంచి పది రోజుల్లో బుడగలు తగ్గుతాయి, అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటుంది. అప్పుడు కాయలను కాసిన్ని ఊట నీళ్ళతో మెత్తగా రుబ్బి వడగడితే చిక్కటి సాసు. రుబ్బాక మళ్ళీ కొంచెం పులిసి వాయువు రావచ్చు కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, మూత పూర్తిగా బిగించకుండా ఉంచాలి. పులిస్తే కారం పోతుందనుకోవద్దు. కాప్సైసిన్ జోలికి ఈ బ్యాక్టీరియా పెద్దగా పోదు. పులుపు, ఉప్పు కలవడంతో నాలుకకు ఆ ఘాటు గుండ్రబడ్డట్టు అనిపిస్తుంది.

ఇదే పనిని ఏళ్ళ తరబడి సాగదీసిన చోటు అమెరికాలో లూయిజియానా రాష్ట్రపు ఏవరీ ఐలండ్. అక్కడి నేల కింద పెద్ద ఉప్పు గుట్ట ఉంది. 1868లో ఎడ్మండ్ మెకిల్హెన్నీ అక్కడ టబాస్కో సాసు వ్యాపారం మొదలుపెట్టాడు. దంచిన ఎర్రమిర్చికి ఉప్పు కలిపి, ఓక్ కర్ర పీపాల్లో నింపి, మూత మీద ఉప్పు గడ్డకట్టేలా పోసి మూడేళ్ళ దాకా మాగనిస్తారు. లోపలి వాయువు బయటికి పోవడానికి మూతలో సన్నటి రంధ్రాలుంటాయి. ఆ తర్వాత వెనిగర్ కలుపుతారు. సిచువాన్ జాడీ నీళ్ళతో చేసిన పనిని ఇక్కడ ఉప్పు పొర చేస్తోంది.

మన ఊరమిరపకాయల్లోనూ లాక్టిక్ ఆమ్లముంది, అరువు తెచ్చుకున్నది. చీల్చిన పచ్చిమిర్చిని ఉప్పు వేసిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెట్టి, పగలు ఎండబెట్టి, మళ్ళీ మజ్జిగలో వేస్తాం. పులుపు మజ్జిగది, నిలవ ఉంచేది ఎండ.

పండ్లతో జాగ్రత్త

పండులో చక్కెర ఎక్కువ. చక్కెర ఉన్నచోట ఈస్టు కాచుకుని ఉంటుంది. మాగిన మామిడిపండో అనాసపండో సీసాలో వారం పెడితే పులుపుతోపాటు మద్యం వాసన కూడా వస్తుంది. అందుకే తియ్యటి పండును రెండు మూడు రోజుల్లో రుచి చూసి ఫ్రిజ్‌లోకి మార్చెయ్యాలి. అనాస ముక్కలు, పండుమిర్చి కలిపి పులియబెడితే కారం సాసుకు చక్కటి పండు రుచి వస్తుంది. పచ్చి మామిడి, నిమ్మ, ఉసిరిది దీనికి వ్యతిరేకమైన చిక్కు. అవి మొదటి నుంచే ఎంత పుల్లగా ఉంటాయంటే లాక్టిక్ బ్యాక్టీరియాకే ఎదగడం కష్టం. కోళిక్కోడ్ సముద్రతీరాన సీసాల్లో ఉప్పునీళ్ళలో ఊరి కనిపించే ఉసిరికాయలు, మామిడి ముక్కల రుచి చాలావరకు వాటి సొంత పులుపు, ఉప్పు కలిసినదే. ఉత్తరాదిన హోలీ రోజుల్లో తాగే కాంజీది అసలైన లాక్టిక్ పులుపు. నల్ల క్యారెట్ ముక్కలు, ఆవపొడి, ఉప్పు నీళ్ళలో వేసి ఎండలో పెడితే నాలుగైదు రోజుల్లో ఊదారంగు పుల్లటి పానీయం సిద్ధమవుతుంది.

మన ఎండలు, మన కాలం

జర్మనీ నేలమాళిగలకూ కొరియా చలికాలానికీ పుట్టిన పద్ధతులివి. క్యాబేజీకి 18 నుంచి 22 డిగ్రీల వేడి అనువైనది. విజయవాడ మే నెలలో వంటిల్లు 35 డిగ్రీలు దాటితే ల్యూకోనాస్టాక్‌కు నిలదొక్కుకునే వ్యవధే దొరకదు. ప్లాంటారం తెగ నేరుగా వచ్చి రెండు రోజుల్లో పుల్లబెట్టేస్తుంది. ప్రమాదమేమీ లేదు గాని రుచి ఒంటి పులుపుగా మిగులుతుంది, ముక్క మెత్తబడుతుంది. మార్గశిరం నుంచి మాఘం దాకా మనకు మంచి కాలం. అదృష్టవశాత్తూ క్యారెట్, ముల్లంగి, కాలిఫ్లవర్, పండుమిర్చి వచ్చేదీ అప్పుడే. ఎండాకాలంలో చెయ్యాలంటే ఉప్పు మూడు, మూడున్నర శాతానికి పెంచి, సీసాను నీళ్ళ గిన్నెలో నిలబెట్టి, రెండో రోజు నుంచే రుచి చూస్తూ ఉండాలి. పులుపు తగినంత పట్టగానే ఫ్రిజ్‌లోకి.

మేలు ఎంత?

1768లో ఎండీవర్ ఓడ మీద బయలుదేరిన కెప్టెన్ జేమ్స్ కుక్ పులిసిన క్యాబేజీని వెంట తీసుకెళ్ళాడు. నావికులు మొదట దాన్ని ముట్టలేదు. అతను రోజూ అధికారుల బల్ల మీద వడ్డింపించి, కావలసినవాళ్ళే తినండని మిగతావాళ్ళకు వదిలేశాడు. వారం తిరక్కుండానే అందరూ అడిగేసరికి వాటాలు వేయాల్సి వచ్చింది. నెలల తరబడి సాగే ప్రయాణాల్లో నావికులను పీడించిన స్కర్వీ విటమిన్ సి లోపం వల్ల వస్తుంది. పులిసిన క్యాబేజీలో గాలి తగలకుండా, పులుపు కాపుదలలో ఆ విటమిన్ కొంత నిలుస్తుంది. విటమిన్ అన్న మాటే పుట్టని కాలంలో అది ఓడవాళ్ళకు ఆసరా అయింది.

ఇవాళ్టి ఆసక్తి పేగుల్లోని సూక్ష్మజీవుల మీద. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. 36 మంది ఆరోగ్యవంతులను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పది వారాలు పులిసిన ఆహారం ఎక్కువగా, ఇంకో జట్టుకు పీచు ఎక్కువగా ఇచ్చారు. పులిసినవి తిన్నవారి పేగుల్లో సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రక్తంలో వాపును సూచించే 19 ప్రోటీన్లు తగ్గాయి. ఫలితం ఆశ కలిగించేదే. 36 మంది మీద తేలినదాన్ని సర్వరోగ నివారిణిగా ప్రచారం చేయడం తగదు. పోపు పెట్టి మరిగిస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందనీ, అప్పుడు మిగిలేది రుచే అనీ కూడా తెలిసి ఉండాలి.

ఉప్పు మాట దాచకూడదు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు శాతం ఉప్పుతో పులిసిన క్యాబేజీ 50 గ్రాములు తింటే ఒక గ్రాము ఉప్పు తిన్నట్టు. ఆసియా దేశాల సంప్రదాయ నిలవ కూరగాయలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1993లో క్యాన్సర్‌కు కారణం కాగల అవకాశమున్న వాటి జాబితాలో చేర్చింది. ఎక్కువ ఉప్పుతో, ఎక్కువ మోతాదులో, రోజూ తినే అలవాటు గురించి అది హెచ్చరిక. రక్తపోటు ఉన్నవాళ్ళు ఈ సీసా నుంచి కూడా కొద్దిగానే తినాలి.

చెయ్యి కొలత, త్రాసు కొలత

మన ఇళ్ళల్లో పచ్చళ్ళు పెట్టిన పెద్దవాళ్ళు గిద్దెలతో, సోలలతో, చేత్తో చూసి ఉప్పు వేశారు. ఎన్నడూ చెడలేదు. వాళ్ళ చేతి నేర్పు ఒక కారణమైతే, ఆ పద్ధతిలోనే ఉన్న వెసులుబాటు ఇంకో కారణం. నూటికి ఇరవై పాళ్ళ దగ్గర రెండు పాళ్ళు అటూ ఇటూ అయినా ఊరగాయకు ఏమీ కాదు. రెండున్నర పాళ్ళ దగ్గర ఆ రెండు పాళ్ళు తగ్గితే కుళ్ళు, పెరిగితే పులియడం నెమ్మదిస్తుంది, తినడానికి ఉప్పన. కల్లుప్పు చెంచాడు, మెత్తటి ఉప్పు చెంచాడు ఒకే బరువుండవు కాబట్టి చెంచా లెక్క కూడా ఇక్కడ నమ్మదగ్గది కాదు.

అందువల్ల ఈ విద్యకు మొదటి పనిముట్టు గ్రాములు చూపే చిన్న త్రాసు. తర్వాత ఒక గాజుసీసా, ముక్కలను ముంచి ఉంచే బరువు, పీహెచ్ కాగితాలు. ఏ రోజు పెట్టారు, ఎంత ఉప్పు, ఎంత ఎండ, ఎన్నో రోజుకు ఏ రుచి వచ్చిందో సీసాకు అంటించిన చీటీ మీద రాసుకుంటే రెండో సీసా మొదటిదానికన్నా బాగుంటుంది. క్యాబేజీతో మొదలుపెట్టండి, అది తప్పులను మన్నిస్తుంది. చెయ్యి తిరిగాక మిరపకాయల వైపు, ఆ తర్వాత పండ్ల వైపు వెళ్ళండి. ఒక పక్క ఆవకాయ జాడీ, ఇంకో పక్క బుడగలు లేస్తున్న ఈ సీసా ఉన్న వంటిల్లు పిల్లలకు మంచి ప్రయోగశాల. వాళ్ళ చేత తూపించండి, రుచి చూపించండి, కారణం అడగనివ్వండి.